మూడోదానికి పదికి పది

సైకిల్ ఫ్రేములకు అందాల పోటీలు పెట్టి జీతం తీసుకున్నదాన్ని నేను. నమ్మరని తెలుసు. మా నాయనే నమ్మలేదు. ఆయన గిద్దలూరులో రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసిన మనిషి. కూతురు బొమ్మల చదువు చదివి మద్రాసు పక్కన సైకిళ్ళ కంపెనీలో చేరిందని వీధంతా చెప్పుకున్నాడు గానీ, అక్కడ నేనేం చేస్తానో ఎవరైనా అడిగితే మాత్రం తడబడేవాడు.

"సైకిళ్ళు బాగుండాయా లేవా అని చూస్తది."

"చూసి?"

"చూసి చెప్తది."

"అంతేనా?"

"అంతే."

అడిగినవాళ్ళు ఆయన ముఖంలోకి జాలిగా చూసి, పిల్లకు ఇంకా ఉద్యోగం దొరకలేదు కాబోలు అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు ఇదే పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళ దగ్గర మనిషి చూపు తెర మీద ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో పట్టుకునే యంత్రాలున్నాయి. నా దగ్గరున్నదల్లా మార్కాపురంలో జరిగిన ఒక్క ముచ్చట. వాళ్ళకు చెప్పిందే మీకూ చెప్తాను.

ముందు మా పని ఎలా ఉండేదో కాస్త తెలియాలి. సైకిల్ అందం చాలావరకు ఫ్రేములోనే ఉంటుంది. చక్రాలూ రంగులూ గంటా బుట్టా అన్నీ తగిలిస్తే మనిషి కన్ను వాటి మీదికి పోతుంది. అందుకని అన్నీ పీకేసి, వట్టి ఫ్రేములకు ఒకే నలుపు రంగు వేసి, స్టాండ్ల మీద వరసగా నిలబెట్టి, మామూలు జనాన్ని పిలిచి మార్కులు వేయమనేవాళ్ళం. ఒకసారి వేశాక ఫ్రేముల చోట్లు మార్చి మళ్ళీ వేయమనేవాళ్ళం. మనిషికి మధ్యలో ఉన్నది, ముందుగా కంటపడ్డది ఊరికే నచ్చేస్తుంటుంది. చోట్లు మారిస్తే ఆ మాయ పోతుంది. ఈ చోట్లు మార్చే నియమం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నన్ను కాపాడింది అదే.

కంపెనీలో ఇద్దరు పెద్దమనుషులకు పడేది కాదు. ఒకాయన మా చీఫ్ డిజైనరు. పుణె వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. ఆడపిల్లల సైకిల్ కోసం ఆయన ఒక ఫ్రేము గీశాడు. హ్యాండిల్ దగ్గర మొదలై, మెల్లగా కిందికి జారి, అడుగున గుండ్రంగా తిరిగి, సీటు దగ్గర మళ్ళీ లేచేది. దానికి ఆయన 'హంస' అని పేరు పెట్టుకున్నాడు. వెళ్తూ వస్తూ దాని మెడ నిమిరేవాడు. రెండో ఆయన సేల్స్ మేనేజరు. గుంటూరు వైపు మనిషి, మాటకారి. "అందం ఎవరిక్కావాలండీ? పల్లెటూళ్ళలో గట్టిదనం చూస్తారు" అనేవాడు. ఆయన ముచ్చటపడింది మగపిల్లల సైకిల్ లాగా పైన అడ్డంగా తిన్నటి కమ్మీతో నిటారుగా నిలబడే పాతకాలం ఫ్రేము. హంసను చూసినప్పుడల్లా "నీళ్ళలో వదలండి సార్, ఈదుతుందేమో చూద్దాం" అనేవాడు.

ఈ గొడవ విని విని విసిగిపోయిన యజమాని ఒకరోజు తేల్చేశాడు. రెండు ఫ్రేములూ జనం ముందు పెట్టండి, ఎవరిది ఓడిపోతే వాళ్ళ విభాగం రెండోవాళ్ళ కింద పనిచేయాలి అన్నాడు. అంటే సేల్స్ సారు గెలిస్తే మా డిజైన్ గది మూతపడుతుంది. అందులో ఉన్న మేమందరం ఆయన కింద క్యాలెండర్లకూ గోడ పోస్టర్లకూ బొమ్మలు గీసుకుంటూ బతకాలి. ఆ మాట విన్న రోజు చీఫ్ గారు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

పరీక్షకు మార్కాపురం ఎంచుకున్నది యజమానే. మా పడమటి ప్రకాశంలో ఆడపిల్లలు చదువుకు దూరం పోవాలి, బస్సులు తక్కువ, సైకిళ్ళకు గిరాకీ ఎక్కువ. పైగా నాది ఆ ప్రాంతమే కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తిన పెట్టారు. నేనూ ఎగిరి గంతేశాను. ఒక ఫంక్షన్ హాలు మాట్లాడాను. కురిచేడు దగ్గర పల్లె నుంచి మిరపచేలకు కూలికి పోయే ఆడవాళ్ళు, అర్ధవీడు నుంచి గొర్రెలు కాసే కుటుంబాలు, పుల్లలచెరువు నుంచి కాలేజీకి పోయే ఆడపిల్లలూ వాళ్ళ తల్లులూ వచ్చేలా చూశాను. మార్కులు వేయడానికి కాగితాలు వద్దు, పలకలు ఇద్దామన్నాను. మార్కాపురంలో పలకలకేం కరువు? మా రాతిపలకలు ఎక్కడెక్కడికి పోయేవో చీఫ్ గారికి గొప్పగా చెప్పాను. ఆయన ఒక పలకను చేతిలో తిప్పి చూసి "ఎంత చక్కటి నలుపు" అని మురిసిపోయాడు.

పలక మీద రాసింది కొంగుతో తుడిచేసి మళ్ళీ రాయొచ్చన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

పొద్దున్నే ఆటోల్లో జనం దిగారు. కురిచేడు వాళ్ళకు ముందు నడిచొచ్చిన ఒక పెద్దామెను చూడగానే, ఆ గుంపుకు నాయకురాలెవరో అర్థమైంది. చేలకు కూలీలను కూడగట్టేది ఆమే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమేనట. ఆమె గొంతు లేస్తే తక్కిన గొంతులన్నీ దాని వెంట లేస్తాయి. వచ్చీ రాగానే నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా గిద్దలూరు పాపవి? ఇట్ల ఎండిపోయినావేంది? మద్రాసులో తిండి పెట్టరా?" అంది. అప్పట్నుంచి ఆమె నాకు అత్త, నేను ఆమెకు పాప.

హాలులో అయిదు ఫ్రేములు నిలబెట్టాం. మొదటిది హంస. మూడోది సేల్స్ సారు నిటారు ఫ్రేము. మిగతావి పక్కన పోలికకు పెట్టినవి. "ఏది గట్టిది, ఏది మంచిది అని కాదు. చూసేదానికి ఏది బాగుంది, అంతే. పదికి ఎన్ని వేస్తారో వేయండి" అని చెప్పాను.

"చక్రాలు ఏవి పాపా?" అని అడిగింది అత్త.

"చక్రాల్లేవు అత్తా. ఊహించుకోవాలి."

"తొక్కేదానికి లేదు, ఎక్కేదానికి లేదు. బలే సైకిలు" అని పలక చేతిలోకి తీసుకుంది.

బలపాల చప్పుడు మొదలైంది. అత్త రాసింది. పక్కనామె అత్త పలకలోకి తొంగిచూసి, తను రాసింది కొంగుతో తుడిచి మళ్ళీ రాసింది. ఆమెను చూసి ఆ పక్కనామె తుడిచింది. కొంగులు వరస వెంట వరస కదిలాయి. చివరి వరసలో అర్ధవీడు నుంచి వచ్చిన గొర్రెల కాపరి తాత ఒకాయన మెడ సాచి, కనపడక, "అమ్మా, ఎంతేసినారో గెట్టిగా చెప్పండి" అని కేకేశాడు. పలకలు పైకెత్తమంటే హాలంతా ఒకే మాట పలికింది. మూడోదానికి పదికి పది. తక్కినవాటికి సున్నా.

ఇన్నేళ్ళలో అలాంటి ఫలితం నేనెప్పుడూ చూడలేదు. దేవుడికి కూడా పదికి పది రావు. చీఫ్ గారు కుర్చీలో కూలబడిపోయాడు. సేల్స్ సారు మాత్రం వినయంగా చేతులు కట్టుకుని, "ప్రజల తీర్పండీ" అన్నాడు.

తర్వాత భోజనాలు. నేను పులిహోర పొట్లాలు చెప్పి ఉంచాను. తీరా చూస్తే పెరట్లో మూడుకాళ్ళ ఇనప స్టాండు మీద పెద్ద గుండిగలో బిర్యానీ ఉడుకుతోంది! "మన అతిథులు కదా మేడం, నేనే చెప్పాను" అన్నాడు సేల్స్ సారు. మంచిదే కదా అనుకుని నేనూ విస్తరి ముందు కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న చిన్నామె వడ్డించే అతన్ని పిలిచి, "ఏందయ్యా, మూడోదానికే ఏసినాం గదా, ఇంకొక ముక్క ఎయ్యి" అంది.

నా చేతిలో ముద్ద అక్కడే ఆగింది. మెల్లగా కూపీ లాగాను. పొద్దున ఆటోలు దిగగానే సేల్స్ సారు వాళ్ళను షామియానా కిందికి తీసుకుపోయి, మధ్యాహ్నం బిర్యానీ ఉందనీ, మూడోదాన్ని కాస్త గుర్తుపెట్టుకోమనీ చెప్పాడట.

మీరైతే ఏం చేసేవాళ్ళు? యజమానికి ఫోన్ చేసేవాళ్ళేమో. నాకూ అనిపించింది. కానీ ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. వస్తూనే నవ్వు తెచ్చిపెట్టిన ఆలోచన అది. విస్తరి మీంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.

భోజనాలయ్యాక జనం మళ్ళీ కూర్చున్నారు. నియమం ప్రకారం ఫ్రేముల చోట్లు మార్చాను. అది నా హక్కు, ఎవరూ అడగడానికి లేదు. హంసను తెచ్చి మూడో చోట నిలబెట్టాను. నిటారు ఫ్రేమును చివరికి తోశాను. సేల్స్ సారు ముఖంలో సన్నటి ముడత పడింది.

"మళ్ళీ ఏయండి."

బలపాలు కదిలాయి, కొంగులు కదిలాయి, పలకలు లేచాయి. మూడోదానికి పదికి పది. అంటే హంసకు!

చీఫ్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "చూశావా? మొదటిసారి వాళ్ళకు కన్ను కుదురుకోలేదు. మంచి గీత మెల్లమెల్లగా మనసులోకి దిగుతుంది" అన్నాడు ఇంగ్లీషులో నా చెయ్యి పట్టుకుని. పాపం, ఆయనకు అసలు సంగతి చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే, చెప్పాలనిపించలేదు కూడా. సేల్స్ సారు జనం వైపు తిరిగి కళ్ళతో, కనుబొమలతో ఏదో చెప్పబోయాడు. అర్ధవీడు తాత దాన్ని పలకరింపు అనుకుని చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

"ఇంకొక్కసారి" అన్నాను నేను. ఫ్రేములన్నిటి మీదా గుడ్డలు కప్పించి, పెరట్లోకి పోయి వచ్చాను. హాలు పనివాళ్ళిద్దరు ఒక బరువైన వస్తువు మోసుకొచ్చి, హంసను పక్కకు జరిపి, దాన్ని కూడా గుడ్డ కిందే మూడో చోట పెట్టారు. గుడ్డలు తీశాను.

మూడో చోట బిర్యానీ గుండిగ కింద పెట్టిన మూడుకాళ్ళ ఇనప స్టాండు ఉంది. మసి పట్టి, మా ఫ్రేములకంటే నల్లగా నిగనిగలాడుతోంది. ఒక కాలికి ఇంకా అన్నం మెతుకు అంటుకునే ఉంది.

"చూసేదానికి ఏది బాగుందో ఏయండి" అన్నాను, వీలైనంత గంభీరంగా.

కాలేజీ పిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. అత్త ఆ స్టాండును తీరిగ్గా చూసింది, సేల్స్ సారును చూసింది, నన్ను చూసింది. తర్వాత బలపం తీసి రాసి, అందరికంటే ముందు పలక పైకెత్తింది. పదికి పది. ఆమె వెనక పలకలన్నీ లేచాయి.

సేల్స్ సారు, "మేడం, వీళ్ళకు సరిగా అర్థం కాలేదనుకుంటా, నేనొకసారి చెప్తాను..." అంటూ ముందుకొచ్చాడు.

అత్త లేచింది. "ఏంది సారూ అర్థం కాంది? బిర్యానీ పెట్టినావు, మూడోదానికి ఎయ్యమన్నావు. తిన్నాక మాట తప్పుతామా? మూడోదాంట్లో నువ్వు ఏది పెడితే దానికే ఏసినాం. అయినా తక్కినవన్నీ ఊరికే నిలబడి చూసినాయి, మాకు అన్నం ఉడికించి పెట్టింది ఇదొక్కటే గదా. దీనికెయ్యక దేనికేస్తాం?"

హాలు ఘొల్లుమంది. అర్ధవీడు తాత పలక నేలకేసి కొట్టి మరీ నవ్వాడు, అది రెండు ముక్కలైంది. నేను జరిగిందంతా చీఫ్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయనకు కోపం రావాలి. రాలేదు. తన హంసకూ పొయ్యి స్టాండుకూ సమానంగా మార్కులొచ్చాయన్న సంగతే ఆయన్ను తినేస్తోంది.

జనం వెళ్ళిపోతుండగా అత్త నా దగ్గరికొచ్చింది. "పాపా, నిజం కావాల్నా?"

"కావాలి అత్తా."

"అయితే రేపు బిర్యానీ లేకుండా పిలువు."

మర్నాడు టీ, బన్ను మాత్రమే ఏర్పాటు చేశాను. సగం మంది కూడా రారనుకున్నాను. అత్త అందర్నీ తోలుకొచ్చింది. పలకలు తీసేసి, అడ్డంగా తెర కట్టించి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. లోపల నేనూ చీఫ్ గారే ఉన్నాం. సేల్స్ సారు వాకిట్లో టీ తాగుతూ కూర్చున్నాడు.

ముందు అర్ధవీడు తాత వచ్చాడు. హంస చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది జబ్బుచేసిన గొర్రె లాగుందమ్మా. ఎనకాల వాలిపోయింది" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని చీఫ్ గారు.

"చాలా సాధువుగా ఉందట సార్."

ఒక కాలేజీ పిల్ల వచ్చింది. "మా చెల్లెలికి బాగుంటదక్కా."

"నీకు?"

"నాకొద్దు."

"ఇంట్లో అందరికీ నచ్చుతుందంటోంది సార్."

అత్త వచ్చింది. హంసను ఒక్క చూపు చూసి, "ఈనిన బర్రె నడుం లాగా దిగబడిపోయింది గదా, ఎవరు గీసినారు దీన్ని?" అంది.

"తల్లితనం ఉట్టిపడుతోందట సార్. గీసిందెవరని అడుగుతోంది."

చీఫ్ గారు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆమెకు తల వంచి నమస్కారం చేశాడు. అత్త బిత్తరపోయి నన్ను చూసింది. నేను గోడను చూశాను.

తర్వాత ఆమె నిటారు ఫ్రేము ముందుకు పోయి ఆగింది. చాలాసేపు కదల్లేదు. "ఇది బాగుంది" అంది.

"అత్తా, నిన్నటి బిర్యానీ..."

"నిన్నటిది నిన్నటితోనే అయిపోయింది. ఇది నిజంగానే బాగుంది."

"ఎందుకు? గట్టిగా ఉందనా?"

"గట్టిదో కాదో నాకేం తెలుసు. చూసేదానికి బాగుందంటున్నా." మళ్ళీ దాన్ని చూసింది. "పొద్దున లేస్తే వంగుడే గదా పాపా మా పని. కలుపు తీసేదానికి వంగాల, కాయ కోసేదానికి వంగాల, ఇంటికొచ్చి పొయ్యి కాడ వంగాల. ముచ్చటపడి చూసే వస్తువు కూడా వంగిపోయి ఉంటే ఏం బాగుంటది? దీన్ని చూడు, ఎట్ల నిలబడిందో. ఎవరికీ జవాబు చెప్పే పని లేనట్టు."

"ఏమంటోంది?" అన్నాడు చీఫ్ గారు.

ఈసారి నాకు కొంటె అనువాదం ఏదీ తోచలేదు. "నిటారుగా ఉందట సార్" అన్నాను.

ఆ పూట తెర వెనక్కి వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఆ ఫ్రేము దగ్గరే ఆగారు. ఎవరూ కూడబలుక్కోలేదు. కొందరు కమ్మీ మీద చెయ్యి వేసి చూసుకున్నారు. నిటారు ఫ్రేము న్యాయంగానే గెలిచింది.

వాకిట్లోకి పోయి ఈ మాట చెప్పగానే సేల్స్ సారు ఎగిరి లేచాడు. "నేను చెప్పలా!" అన్నాడు. అని, టీ గ్లాసు అలాగే పట్టుకుని ఆగిపోయాడు. గెలిచానని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? పొయ్యి స్టాండు కథ అప్పటికే ఫోనులో మద్రాసు చేరిపోయింది. చేర్చింది నేనే, ఇంకెవరు. ఎలాగూ గెలవబోయే పందేన్ని బిర్యానీ వండించి పోగొట్టుకున్న మనిషిని నా ఉద్యోగంలో ఆయన ఒక్కణ్ణే చూశాను. దానికితోడు ఆయన చెప్పిన కారణం కూడా తప్పయింది. గట్టిదనం మాట ఒక్కరి నోటా రాలేదు.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో పగటి బండి ఎక్కాం. కురిచేడు దాటాక కిటికీలోంచి మిరపచేలు కనిపిస్తున్నాయి. వరసల్లో ఆడవాళ్ళు వంగి కోస్తున్నారు. చీఫ్ గారు చాలాసేపు వాళ్ళనే చూసి, "ఆమె అంతసేపు మాట్లాడింది. నువ్వు ఒక్క ముక్క చెప్పావు. అంతా చెప్పు" అన్నాడు.

చెప్పాను. వంగడం గురించి చెప్పాను. ఇక దాపరికం ఎందుకని జబ్బుగొర్రె గురించీ, ఈనిన బర్రె గురించీ కూడా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "తల్లితనం అన్నావే?"

"బర్రె ఈనింది కదా సార్."

ముందు ఆయన గడ్డం కింద ఏదో వణికింది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. ఎదుటి సీట్లో ముసలాయన నిద్రలేచి తిట్టుకునేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక సంచిలోంచి పెన్సిలు తీశాడు. ఆ పెన్సిలు గుంటూరు వచ్చేదాకా ఆగలేదు.

యజమాని ఇద్దరి మాటా విన్నాడు. పొయ్యి స్టాండు దగ్గర ఆపి మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నాడు. ఎవరి విభాగాన్నీ ఎవరి కిందా పెట్టలేదు. చీఫ్ గారి కొత్త గీత చూసి తయారుచేయమన్నాడు. చున్నీలకూ లంగాలకూ అడ్డం రాకుండా చీఫ్ గారు పై కమ్మీని కిందికి దించాడు, కానీ వంచలేదు. హ్యాండిల్ దగ్గర్నుంచి కిందిదాకా ఒక్కటే గీత, కత్తితో కోసినట్టు. సైకిల్ బాగానే అమ్ముడుపోయింది. ఆ ఆలోచన తనదేనని సేల్స్ సారు అన్ని మీటింగుల్లోనూ చెప్పుకున్నాడు. మేం అడ్డం చెప్పలేదు. పాపం, ఆయనకు అది కూడా మిగలకపోతే ఎలా?

మొదట తయారైన వాటిలో ఒకటి రైల్లో వేయించుకుని నేను కురిచేడు వెళ్ళాను. స్టేషన్ నుంచి పల్లెదాకా తొక్కుకుంటూనే పోయాను. అత్త ఇంటిముందు అరుగు మీద కాయలు ఏరుతోంది. సైకిల్ని చూసి చేతులు దులుపుకుని లేచింది. చుట్టూ తిరిగింది. వంగి కాదు, నిలబడే చూసింది.

"ఎట్లుంది అత్తా?"

"బాగుంది."

"ఎన్ని మార్కులు?"

"మార్కులు తర్వాత. ముందు దిగు."

"ఎందుకు?"

"నేను ఎక్కాల."

"నీకు తొక్కడం వచ్చా?"

"రాదు. నేర్పు."

ఇంట్లోంచి కోడలు పరిగెత్తుకొచ్చి, "ఈ వయసులో ఏంది అత్తా, నడుం ఇరగ్గొట్టుకుంటావా?" అంది. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి సీటు మీద కూర్చుంది. వీధిలో జనం బయటికొచ్చారు. మొదటిసారి పాలమ్మే ఆయన మీద పడింది. రెండోసారి కంపచెట్ల కంచెలోకి పోయింది. ముళ్ళు తీసుకుని మళ్ళీ ఎక్కింది. నేను వెనక క్యారేజీ పట్టుకుని పరిగెత్తాను. చర్చి దాటాం. రోడ్డు వాలుగా దిగేచోట సైకిల్ జోరందుకుంది. నాకు ఆయాసం వస్తోంది. ఆమె తల నిటారుగా ఎత్తి, ఎదురుగా రోడ్డునే చూస్తూ, వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"వదులు పాపా! నువ్వు ఎనకాల ఏలాడతా ఉంటే నేనేం బాగా కనపడతాను!"

వదిలేశాను.